ఆ బావిలో నీళ్లు ఎవరు తోడుకుంటారు

పంతొమ్మిదేళ్లుగా నేనొక బరువు మోస్తున్నాను. తూకం వేస్తే అది ఒక్క కాగితం. ఆ కాగితం నాది కాదు. నా ట్రంకుపెట్టెలో, సర్టిఫికెట్ల అడుగున, ఒక పాత కవరులో ఉండేది. ఏటా ఎండాకాలంలో మా ఆవిడ పెట్టెలో ఉన్నవన్నీ తీసి ఎండకు పెడుతుంది, దులుపుతుంది, మళ్లీ సర్దుతుంది. ఆ కవరులో ఏముందని ఆమె ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పేవాడినా? ఏదో పాత ఆఫీసు కాగితం అనేవాడిని. అది అబద్ధం కూడా కాదు. నేనాడిన అబద్ధాలన్నీ అలాంటివే, పైకి అబద్ధాల్లా కనిపించవు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే ఈ మాత్రమైనా నోరు పెగులుతోంది. ఇది ధైర్యం అనుకోకండి. ధైర్యమే ఉంటే ఈ మాటలు వినవలసిన మనిషి బతికి ఉండగానే చెప్పేవాడిని. ఆయన పేరు యాకోబు. మా మేనమామ పొలంలో పనిచేసేవాడు, వాళ్ల పాలెంలో క్రైస్తవ సంఘానికి పెద్ద. నాకు తండ్రి వయసు. ఆయనను నేను జీవితమంతా 'నువ్వు' అనే పిలిచాను. ఇప్పుడు, మనిషి పోయాక, కాగితం మీద 'ఆయన' అంటున్నాను.

మాది మార్కాపురం తాలూకాలో ఒక మెట్ట ఊరు. వాన పడితే జొన్న, సజ్జ. పడకపోతే ఆకాశం వంక చూడటం. మా నాయన తాను చదువుకోలేదన్న పట్టుదలతో నన్ను బి.ఏ. దాకా చదివించి, ఆ తర్వాత మద్రాసులో పరిశోధన చేస్తానంటే, అదేమిటో తెలియకపోయినా సరేనన్నాడు. హాస్టల్లో మొదటి రోజు కుళాయి తిప్పితే నీళ్లు వచ్చాయి. ఆపితే ఆగాయి. మళ్లీ తిప్పాను. పక్క గది అరవ కుర్రాడు చూసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా అమ్మ తెల్లవారకముందే కడవ ఎత్తుకుని పోవడం గుర్తొచ్చింది. నా పరిశోధనకు విషయం ఆ కుళాయి దగ్గరే దొరికింది. మా వైపు మెట్ట ఊళ్లలో తాగేనీళ్లు ఎక్కడ, ఎంత, ఎండాకాలంలో ఎన్నాళ్లు. అప్పుడు నా ఉద్దేశం మంచిదే. ఇది నన్ను నేను సమర్థించుకోవడానికి చెప్పడం లేదు. కాదు, అందుకే చెబుతున్నానేమో. మీరే చూసుకోండి.

రెండు ఎండాకాలాలు తిరిగాను. గిద్దలూరు వైపు కొన్ని ఊళ్లు, మార్కాపురం చుట్టూ కొన్ని, చివరికి పుల్లలచెరువు వైపు. నా దగ్గర ఒక తాడు ఉండేది. గజానికొక ముడి, చివర పలకరాయి ముక్క కట్టి ఉండేది. బావిలోకి దింపి, రాయి అడుగుకు తగిలాక పైకి లాగి, తాడు ఎక్కడిదాకా తడిసిందో ముడులు లెక్కపెట్టేవాడిని. ఊళ్లో పెద్దలు వింతగా చూసేవారు. ఈ పిల్లకాయకు పిచ్చేమో అని ఒక అవ్వ నా ఎదుటే అంది. నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే గర్వంగా ఉండేది. తడిసిన తాడు అబద్ధం చెప్పదు అని నా చిత్తు పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. ఆ వయసులో అలాంటి వాక్యాలు రాసుకుంటాం.

ఆఖరి ఊరు మా మేనమామది. పుల్లలచెరువు దాటి నల్లమల అంచున ఉంటుంది. ఆ ఊరి పేరు రాయను. మామ బండి పంపించాడు. అత్త జొన్నరొట్టె, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు పెట్టింది. అల్లుడు పుస్తకం రాస్తున్నాడని మామ వీధి వీధంతా చెప్పుకున్నాడు. వాళ్ల తాత తవ్వించిన బావి అక్కడే ఉంది. మే నెల నడిమధ్య. తాడు దింపాను. నాలుగు ముడులదాకా తడిసింది. అన్ని ఊళ్లు తిరిగితే అంత నీరు నాకు ఎక్కడా కనిపించలేదు. అత్త చేదతో తోడి పోస్తే దోసిలి పట్టి తాగాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి.

మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు. పాలెం అంటే అంటరానివాళ్లని ఊరికి దూరంగా ఉంచినవాళ్ల ఇళ్లు. వాళ్లు ఆ బావి గట్టు ఎక్కకూడదు. బావికి కాస్త దూరంలో ఒక బండ ఉంది. పాలెం ఆడవాళ్లు దాని మీద కడవలు పెట్టి, పక్కకు జరిగి నిలబడాలి. మా ఆడవాళ్లలో ఎవరైనా, తమ పని అయ్యాక, మనసు పుడితే రెండు చేదలు ఎత్తి పోస్తారు. పుట్టకపోతే లేదు. అప్పుడు వాళ్లు మైలున్నర దూరంలో వాగుకు పోయి, ఇసుకలో తవ్విన చెలమ దగ్గర కూర్చుని, నీళ్లు ఊరేదాకా ఆగి, గిన్నెతో కొంచెం కొంచెం ఎత్తుకోవాలి. నేను దోసిలి పట్టి తాగుతున్నప్పుడు ఆ బండ దగ్గర ఆరుగురు నిలబడి ఉన్నారు. ఒకామె చంకలో ఏడాది పిల్ల. ఆమె యాకోబు కోడలు మరియమ్మ అని తర్వాత తెలిసింది. నేను మూతి తుడుచుకుని చిత్తు పుస్తకం తీసి రాసుకున్నాను: మంచి నీరు, వేసవిలోనూ ఊరంతటికీ చాలుతుంది.

ఆ క్షణంలో నాకు అది తప్పని తోచలేదు. ఇది మీరు నమ్మాలి. నమ్మకపోయినా సరే. పుట్టినప్పటినుంచీ బావి దగ్గర కొందరు తోడుకోవడం, కొందరు నిలబడటం చూసిన కళ్లకు అందులో రాసుకోవలసిందేమీ కనబడలేదు. ఇంకా చిత్రం ఏమిటంటే, ఊరి జనాభా పట్టికలో పాలెం ఇళ్లు కూడా కలిపే వేశాను. మనుషులను లెక్కలోకి తీసుకుని, వాళ్ల దాహాన్ని వదిలేశాను. అంతవరకూ అది తెలివితక్కువతనం. దానికి నేను ఇన్నేళ్లు నిద్ర పాడుచేసుకోను.

మద్రాసు తిరిగివచ్చి అధ్యాయాలు రాసి, టైపు చేయించి, మా ప్రొఫెసరు గారికి ఇచ్చాను. ఆయన కుంభకోణం వైపు మనిషి. సన్నగా, తెల్లని తలపాగాతో, ఎప్పుడూ ఒక చివర ఎరుపు, ఒక చివర నీలం ఉండే పెన్సిలు పట్టుకుని ఉండేవాడు. నీలం పరవాలేదు. ఎరుపు అంటే మళ్లీ రాయాలి. ఆయన దగ్గర పనిచేసే మేము నలుగురం భోజనాల దగ్గర ఎవరి పేజీలో ఎంత ఎరుపు పడిందో చెప్పుకుని, పైకి నవ్వుకుని, లోపల కుమిలిపోయేవాళ్లం. సాంబారు చల్లారిపోయేది. "నీ కాగితాలకు కుంకుమార్చన జరిగిందా?" అని ఒకరినొకరం ఆటపట్టించుకునేవాళ్లం. ఉత్తరాలు రాసేటప్పుడు మాత్రం ఇంటికి అంతా బాగుందనే రాసేవాడిని.

నా అధ్యాయాల్లో ఎరుపు తక్కువే. ఈ విశేషణం తీసెయ్, ఈ అంకె ఎక్కడిది, ఈ మాట రెండుసార్లు చెప్పావు. అలాంటివి. మామ ఊరి పేజీలో మాత్రం ఒక్క ప్రశ్న. ఆ బావిలో నీళ్లు ఎవరు తోడుకుంటారు? అంతే. కింద గీత కూడా లేదు. చదివిన వెంటనే, నాకు ఆ బండ కనిపించింది. దాని మీద కడవలు, పక్కన ఆరుగురు, చంకలో పిల్ల. అప్పటిదాకా కనబడనిది ఒక్కసారిగా కనబడింది.

ఆయన గదికి పోతే కూర్చోమన్నాడు. నువ్వు తాడు దింపి లోతు కొలిచావు, అది బాగుంది, గట్టు మీద ఎవరున్నారో రాయలేదు అన్నాడు. కావాలంటే ఇంకో పదిహేను రోజులు గడువు ఇస్తాను, పోయి చూసి రా అన్నాడు. నేను సరేనండి అన్నాను. పోవలసిన పనేముంది? నాకు తెలుసు. బస్సూ రైలూ అక్కర్లేదు. కుర్చీలో కూర్చుని నాలుగు వరుసలు నిజం రాస్తే చాలు.

ఎందుకు రాయలేదు? ఈ ప్రశ్న నాకు నేను ఎన్నిసార్లు వేసుకున్నానో. ఒక్కోసారి ఒక్కో జవాబు చెప్పుకున్నాను. మామ ఉప్పు తిన్నాను, ఆయన ఇంటి బావిని గురించి ఇంగ్లీషులో అలా రాస్తే ఆయన పరువు పోతుందని. ఆయనకు ఇంగ్లీషు రాదు, కాబట్టి ఇది జవాబు కాదు. అన్ని ఊళ్ల సంగతీ అలాగే ఉంటుంది, ఒక్క ఊరికి రాస్తే మిగతా పంతొమ్మిది ఊళ్లకూ మళ్లీ పోవాలి, ఇంకో ఏడాది పడుతుందని. ఇది కొంత నిజం. కానీ అసలు సంగతి వేరే. ఆ రోజుల్లో నేను ఖద్దరు కట్టేవాడిని. అంటరానితనం పోవాలని హాస్టలు మీటింగుల్లో గట్టిగా మాట్లాడేవాడిని. ఆ బావి దగ్గర దోసిలి పట్టి తాగిందీ, ఆ బండ వైపు చూసి కూడా చూడనిదీ నేనేనని ఆ పెద్దమనిషికి తెలియడం నాకు ఇష్టం లేదు. నేను మంచివాడిగా కనిపించాలనుకున్నాను. అంతే. ఇంత చిన్న కారణం అని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

పదిహేను రోజులు మద్రాసులోనే ఉన్నాను. సముద్రం ఒడ్డున తిరిగాను. పదహారో రోజు ఆ పేజీ మళ్లీ టైపు చేయించాను. ఈ బావిలో అన్ని కులాల వాళ్లూ నీళ్లు తోడుకుంటారు. ప్రొఫెసరు గారు ఆ వాక్యం దగ్గర ఆగాడు. కళ్లజోడు తీశాడు. చాలా సంతోషం, అలాంటి ఊరు ఒకటైనా ఉందన్నమాట అన్నాడు. ఆయన కళ్లలో నిజంగానే సంతోషం. ఆ పేజీ పక్కన నీలం పెన్సిలుతో టిక్కు పెట్టాడు. నేను నమస్కారం పెట్టి బయటికి వచ్చాను.

డిగ్రీ వచ్చింది. పరీక్షకులు ఆ బావిని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. నా పరిశోధనను చిన్న పుస్తకంగా అచ్చువేసి నీళ్ల పనులు చూసే ఆఫీసులకు పంపించారు. ఒక కాలేజీలో ఉద్యోగం వచ్చింది. ఆ వేసవిలోనే మామ పిలిపించాడు. నాకు శాలువా కప్పుతాడట.

మధ్యాహ్నం భోజనం చేసి అరుగు మీద కూర్చున్నాను. మామ లోపల నడుం వాల్చాడు. యాకోబు వచ్చి వాకిట్లో, పశువుల కొట్టం నీడన నిలబడ్డాడు. తలగుడ్డ తీసి చంకన పెట్టుకున్నాడు. చేతిలో మడిచిన కాగితం. నాకు చేతికి ఇవ్వలేదు. అరుగు అంచున పెట్టి, నాలుగడుగులు వెనక్కి పోయాడు. మద్రాసులో నేను అందరితోనూ చేతులు కలిపేవాడిని. ఇక్కడ ఆయన వెనక్కి జరిగేదాకా ఆగి, ఆ తర్వాత తీసుకున్నాను.

"చిన్నయ్యా, మేము పాలెంలో బావి కావాలని అర్జీ పెట్టుకున్యాం. జవాబొచ్చింది. అంతా ఇంగ్లీషే. మా బడిపంతులుకు రాదు. మీరొచ్చినారని తెలిసి వచ్చినా. చదివి చెప్పాల."

చదివాను. టైపు కాగితం, ఎనిమిది వరుసలు. అర్జీ అందింది. ఆ గ్రామంలో వేసవిలో ఎండని, అన్ని కులాలవారూ వాడుకునే మంచినీళ్ల బావి ఉన్నట్లు ఫలానా వారి పరిశోధనలో స్పష్టంగా ఉంది. కనుక వేరే బావి అవసరం లేదు. ఆ ఫలానా వారి పేరు పెద్ద అక్షరాల్లో. నా పేరు. నా ఇంటిపేరుతో సహా.

ఆయనే అడిగాడు.

"ఏమని రాసినారు చిన్నయ్యా?"

"ఇప్పుడు కాదన్నారు యాకోబూ."

"ఎందుకంట?"

"ముందు వేరే ఊళ్లకు తవ్వాలంట. మీ వంతు రాలేదంట."

ఆయన తల ఊపాడు. కోపం రాలేదు. వంతు అంటే వాళ్లకు తెలుసు, బండ దగ్గర రోజూ చూసేదే. మెల్లగా రెండడుగులు ముందుకు వచ్చి, నా చేతిలోని కాగితం వైపు దూరం నుంచే వేలు చూపించాడు.

"ఈ నడమ పెద్ద అచ్చరాలు ఉండాయే, అవి ఏంది?"

"పేరు."

"ఎవురి పేరు?"

ఇక్కడ నేను ఆగి ఉండవలసింది. ఇక్కడ ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. చెప్పి ఉంటే ఆయన ఏమనేవాడు? ఏమీ అనేవాడు కాదు. బహుశా తలగుడ్డ చుట్టుకుని వెళ్లిపోయేవాడు. నేను ఇంకో ఉత్తరం రాసి, నా పుస్తకంలో ఆ వాక్యం తప్పు అని ఒప్పుకుని ఉంటే, బావి వచ్చేది. నా ఉద్యోగం పోయేదేమో. పోకపోవచ్చు కూడా. అదంతా ఆ ఒక్క క్షణంలో నా తల లోపల తిరిగింది.

"ఆఫీసరుది," అన్నాను. "కాదన్నాయనది."

"ఏం పేరు చిన్నయ్యా?"

"నీకెందుకు యాకోబూ?"

"ఆదివారం కూటంలో ఆయన కోసరం ప్రార్థన చేస్తాం. పగ కాదులే. ఆయన మనసులో మా పాలెం పడాలని. ఊరికే ఆఫీసరు అంటే ఎట్ల? పేరు పెట్టి అడగాల గదా."

నా నోటికి వచ్చిన పేరు మా హాస్టల్లో భోజనాల లెక్క చూసే గుమాస్తాది. పద్మనాభన్ అన్నాను. యాకోబు ఆ పేరు రెండుసార్లు పలికి చూసుకున్నాడు. రెండోసారి సరిగ్గా పలికాడు. ఈ కాగితం నా దగ్గర ఉండనీ, నేను వాళ్లకు రాసి అడుగుతానులే అన్నాను. ఆయన మొహం వెలిగింది. కాగితం నా చేతిలోనే ఉండిపోయింది. పాలెంలో ఎప్పటికైనా ఎవరో ఒకరు ఇంగ్లీషు నేర్చుకుంటారని, అప్పుడు ఆ పెద్ద అక్షరాలు చదువుతారని నాకు భయం. ఆ సాయంత్రం శాలువా కప్పుకున్నాను. బాగా వేడిగా ఉంది.

రాశానా? రాశాను. ఆరునెలల తర్వాత, సంతకం లేకుండా. ఆ గ్రామంలో పాలెం వారికి బావి గట్టు ఎక్కే వీలు లేదని ఒక్క వాక్యం. సంతకం లేని అర్జీ ఎవరు చూస్తారు? అది నాకు తెలిసే రాశాను. రాశాను అని చెప్పుకోవడానికి రాశాను.

ఎనిమిదేళ్లు గడిచాయి. నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు. నా దగ్గర పరిశోధన చేసే పిల్లల కాగితాల మీద నేనూ ఎర్ర పెన్సిలు పెట్టాను. ఇది నీ కళ్లతో చూశావా అని రాసేవాడిని. ఆ ఎనిమిదేళ్లూ పాలెం వాళ్లు వానలు పడ్డాక, కూలి పని లేని రోజుల్లో, తామే బావి తవ్వుకున్నారు. మిషను దొర మందుగుండు ఇప్పించాడు. బండ పగలగొట్టి, రాళ్లు గంపలతో మోసి, ఎనిమిదో ఏట నీళ్లు చూశారు. మొదటి చేద తోడటానికి నన్ను రమ్మని కబురు పంపించారు.

ఎందుకురా నీకు అన్నాడు మామ. నాకూ పోవాలని లేదు. పోకపోతే ఏమనుకుంటారో అని పోయాను. చూడండి, అప్పుడు కూడా అదే కారణం. పాలెం వాళ్లందరూ కొత్త బావి చుట్టూ నిలబడ్డారు. యాకోబు ముసలివాడై పోయాడు. చూపు మందగించింది. మా కోసం పై ఆఫీసుకు రాసిన చిన్నయ్య అని అందరికీ నన్ను చూపించాడు. మరియమ్మ నాకు చేద అందించింది. చేతికే ఇచ్చింది. నేను తోడాను. గట్టు మీద నిలబడి దోసిలి పట్టి తాగాను. కొంచెం ఉప్పగా ఉన్నాయి.

యాకోబు నా పక్కకు వచ్చి, ఎవరికీ వినిపించకుండా, సంతోషంతోనే చెప్పాడు. "నాలుగేండ్ల నాడు చెలమ కాడ మా మరియమ్మ జారి పడింది చిన్నయ్యా. నిండు గర్భం. బిడ్డ దక్కలే. ఇంక ఆ దోవ నడిచే పని లేదు."

తర్వాత ప్రార్థన. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేకపోయాను. యాకోబు దేవునికి వందనాలు చెప్పాడు. రాళ్లు మోసిన ఆడవాళ్ల పేర్లు చెప్పాడు. నా పేరు చెప్పాడు. ఆ తర్వాత, స్వామీ, పద్మనాభన్ గారిని కూడా దీవించు అన్నాడు. ఎనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం అడుగుతున్నాం, ఆయన మమ్మల్ని తలచుకోకపోయినా మేము ఆయనను మరవలేదు అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. పిల్లలు కూడా ఆ పేరు తడబడకుండా పలికారు. ఆ పాలెంలో పుట్టి పెరిగిన పిల్లలకు, లేని మనిషి పేరు నోటికి వచ్చు.

అప్పుడు చెప్పాలనుకున్నాను. వాళ్ల సంతోషం పాడుచేయడం ఎందుకు అనుకున్నాను. మళ్లీ చూడండి, ఎంత మంచి కారణమో. బండి ఎక్కాను. మూడేళ్లకు యాకోబు పోయాడని మామ కార్డు రాశాడు. నేను పోలేదు.

మొన్న మా మేనమామ కొడుకు వచ్చి మాటల్లో చెప్పాడు. అప్పట్లో మరియమ్మ చంకలో ఉన్న పిల్ల మార్కాపురంలో టీచరు ట్రైనింగు చదువుతోందట. పాలెంలో ఇంగ్లీషు చదివిన మొదటి మనిషి. నేను పంతొమ్మిదేళ్లుగా ఎవరికి భయపడుతున్నానో ఆ మనిషి వచ్చేసింది. భయం వేస్తుందనుకున్నాను. చిత్రంగా, ఊపిరి తేలికైంది. ఆ మధ్యాహ్నం పెట్టె తీసి కవరు బయటపెట్టాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. ఏమిటది అని మొదటిసారి అడిగింది. నాది కాదు, వాళ్లది, పంపించాలి అన్నాను. ఆమెకు ఎంతో చెప్పవలసి ఉంది. చెబుతాను.

క్షమించమని ఆ పిల్లకు రాయలేదు. పుట్టకుండానే పోయిన ఆమె తమ్ముడినో చెల్లెలినో నేను అడ్డం పెట్టుకుని క్షమాపణ అడగలేను. క్షమిస్తుందన్న ఆశా లేదు, క్షమించకపోతే బాధపడే హక్కూ లేదు. మీకు రాస్తున్న ఈ కాగితానికి సంతకం పెట్టే ధైర్యం ఇంకా లేదు. ఆ కాగితానికి అక్కర్లేదు, అందులో నా పేరు పెద్ద అక్షరాల్లోనే ఉంది. మా ప్రొఫెసరు గారు అడిగిన ప్రశ్నకు జవాబు దాని వెనక తెలుగులో రాసి, నిన్న పొద్దున పోస్టులో వేశాను. తిరిగి వస్తుంటే కాళ్లు నావే అనిపించాయి. ఏం రాశానో మీకు కూడా చెబుతాను.

ఆ బావిలో మా వాళ్లు తోడుకునేవారు. పాలెం వాళ్లు కడవలు పెట్టుకుని నిలబడేవారు. మీ అమ్మ నిన్ను ఎత్తుకుని నిలబడితే చూసి కూడా, అందరూ తోడుకుంటారని రాశాను. పద్మనాభన్ అనే ఆఫీసరు ఎవరూ లేరమ్మా. మీ తాత వేలు పెట్టి అడిగిన ఆ పేరు నాది.